ఒకసారి వచ్చి తగ్గింది, మళ్ళీ వస్తుందా?

(రోగుల వెంట వచ్చిన కుటుంబ సభ్యులకు ఆసుపత్రి వరండాలో చేసిన ఆరోగ్య ప్రసంగం)



మీలో కొందరు నిన్న రాత్రి నుంచి ఇక్కడే కూర్చుని ఉన్నారు. కల్యాణదుర్గం వైపు నుంచి, కదిరి వైపు నుంచి, మడకశిర నుంచి బస్సులు మారి వచ్చినవారున్నారు. లోపల మీ మనిషికి వైద్యం జరుగుతూ ఉంది. డాక్టరుగారు పిలిచేలోగా మీతో ఒక్క విషయం మాట్లాడతాను. చదువు రానివారికి కూడా అర్థమయ్యే విషయమే. కాని తెలియకపోతే ఇంట్లోని పెద్దవారి ప్రాణం మీదికి తెచ్చే విషయం.

వార్డులో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది: "సిస్టర్, కరోనా మాకు ఆ ఏడాదే వచ్చి పోయింది. ఇంక రాదు కదా?"

వస్తుంది. ఒకసారి వచ్చి తగ్గినవారికి మళ్ళీ రావచ్చు. రెండుసార్లు, మూడుసార్లు వచ్చినవారు కూడా ఉన్నారు. అయితే చాలామందికి మొదటిసారి వచ్చినంత తీవ్రంగా ఆ తర్వాత రాదు. ఈ రెండు మాటలనూ కలిపి గుర్తుంచుకోండి. మొదటి మాట మరచిపోతే అజాగ్రత్త వస్తుంది. రెండో మాట మరచిపోతే అనవసరమైన భయం వస్తుంది.

దీనికి ఇంత ప్రాముఖ్యం ఎందుకంటారా? ఇంట్లో అవ్వకు జ్వరం, ఆయాసం వస్తే పక్కన ఎవరు కూర్చోవాలని ఇంటిల్లిపాదీ ఆలోచిస్తారు. "చిన్నోడికి అప్పుడే వచ్చి తగ్గింది, వాడికేం కాదు, వాడు చూసుకుంటాడు" అంటారు. ఆ చిన్నోడు బెంగళూరులో కూలిపని చేసి వారం కిందటే ఊరికి వచ్చి ఉంటాడు. కొంచెం జలుబు, కొంచెం గొంతునొప్పి ఉంటాయి. తనకు ఒకసారి వచ్చి పోయింది గదా అని మాస్కు పెట్టుకోడు. వాడికి ఏమీ కాకపోవచ్చు. కాని వాడి నుంచి అవ్వకు అంటుకుంటే ఆమె తట్టుకోలేదు. వచ్చి పోయినవారి వల్ల ఇతరులకు ప్రమాదం లేదని అనుకోవడమే మనం సరిదిద్దుకోవలసిన పొరపాటు.

తట్టు ఒక రకం, పడిశం ఒక రకం

మన పెద్దలకు అనుభవం మీద ఒక సంగతి తెలుసు. తట్టు ఒకసారి పోస్తే ఆ మనిషికి మళ్ళీ సాధారణంగా పోయదు. దీనికి వైద్య చరిత్రలో మంచి ఉదాహరణ ఉంది. ఐరోపాకు ఉత్తరాన సముద్రం మధ్యలో ఫారో దీవులున్నాయి. అక్కడ 1781లో తట్టు వచ్చింది. తర్వాత 65 సంవత్సరాలు ఆ దీవుల్లో ఆ జబ్బు కనబడలేదు. 1846లో మళ్ళీ వచ్చి, ఎనిమిది వేల లోపు జనాభాలో ఆరు వేల మందికి సోకింది. అప్పుడు అక్కడికి వెళ్ళిన పానుమ్ అనే యువ వైద్యుడు ఒక విషయం గమనించాడు. 1781లో చిన్నతనంలో తట్టు పోసి, 1846 నాటికి ముసలివారైన వారికి మాత్రం ఆ జబ్బు రాలేదు. అంటే 65 సంవత్సరాల తర్వాత కూడా శరీరం దానిని గుర్తుంచుకుంది.

పడిశం అలా కాదు. ఈ ఏడాది వస్తుంది, వచ్చే ఏడాదీ వస్తుంది. పడిశం తెచ్చే వైరస్‌లు చాలా ఉన్నాయి. వాటిలో నాలుగు కరోనా కుటుంబానికి చెందినవే. అవి మనుషుల్లో ఎంతోకాలంగా తిరుగుతున్నాయి. నెదర్లాండ్స్ దేశంలోని ఆమ్‌స్టర్‌డామ్ శాస్త్రవేత్తలు పదిమంది ఆరోగ్యవంతులైన మగవారి రక్త నమూనాలను పరిశీలించారు. అవి 35 ఏళ్ళకు పైబడిన కాలంలో సేకరించి దాచినవి. అదే పడిశం వైరస్ అదే మనిషికి చాలాసార్లు ఒక ఏడాది గడిచేసరికి మళ్ళీ సోకినట్టు, కొన్నిసార్లు ఆరు నెలలకే సోకినట్టు తెలిసింది. ఈ వివరాలు 2020 సెప్టెంబరులో ప్రచురించారు.

కొవిడ్ ఏ రకానికి చెందుతుంది? మళ్ళీ రావడంలో అది తట్టు లాంటిది కాదు, పడిశం లాంటిది. ప్రాణం తీయగలగడంలో మాత్రం పడిశం లాంటిది కాదు. అందుకే దానిని తేలికగా తీసుకోకూడదు.

మళ్ళీ పాజిటివ్ అంటే మళ్ళీ వచ్చినట్టేనా?

అన్నిసార్లూ కాదు. 2020 ఏప్రిల్‌లో దక్షిణ కొరియాలో, తగ్గి ఇంటికి వెళ్ళినవారిలో రెండు వందల మందికి పైగా మళ్ళీ పాజిటివ్ వచ్చింది. ప్రజలు చాలా భయపడ్డారు. పరీక్షించి చూస్తే అవి చచ్చిన వైరస్ ముక్కలేనని, వారి నుంచి ఇతరులకు అంటుకోలేదని తెలిసింది. పంట కోసి ఇంటికి చేర్చిన తర్వాత కూడా చేనులో కొయ్యకాళ్ళు మిగిలి ఉంటాయి గదా! వాటిని చూసి పైరు ఉందనుకోము. ఇదీ అంతే. జబ్బు తగ్గిన కొన్ని వారాల దాకా పరీక్షలో ఆ ముక్కలు కనబడవచ్చు.

నిజంగా రెండోసారి సోకిందని ప్రపంచంలో మొదట రుజువైంది హాంకాంగ్‌లో, 2020 ఆగస్టులో. 33 ఏళ్ళ వ్యక్తికి మొదటిసారి తగ్గిన తర్వాత, మొదటి జబ్బు నుంచి 142 రోజులకు, స్పెయిన్ నుంచి తిరిగి వచ్చినప్పుడు విమానాశ్రయంలో పరీక్ష చేస్తే పాజిటివ్ వచ్చింది. రెండుసార్లు దొరికిన వైరస్‌ల జన్యువులను పోల్చి చూస్తే రెండూ వేరువేరని తేలింది. రెండోసారి అతనికి జ్వరం లేదు, దగ్గు లేదు. పరీక్ష చేయకపోతే అతనికి కూడా తెలిసేది కాదు.

ఈ చివరి మాటను గమనించండి. రెండోసారి వచ్చినవారిలో కొందరికి తెలియకుండానే వచ్చి పోతుంది. కాని వారి దగ్గర కూర్చున్నవారికి అంటుకోవచ్చు.

ఎంతమందికి మళ్ళీ వచ్చింది?

మన దేశంలో ఐ.సి.ఎం.ఆర్. శాస్త్రవేత్తలు దీనికి ఒక కొలత పెట్టుకున్నారు. రెండు పాజిటివ్‌ల మధ్య కనీసం 102 రోజులు ఉండాలి, మధ్యలో ఒక నెగటివ్ కూడా ఉండాలి. అప్పుడే దానిని మళ్ళీ సోకడంగా లెక్కించారు. మొదటి సంవత్సరానికి సంబంధించి 1300 మంది వివరాలు చూస్తే 58 మంది ఈ కొలతకు సరిపోయారు. అంటే నూటికి 4 లేక 5 మంది. వారిలో 38 మందితో ఫోనులో మాట్లాడగలిగారు. ఆ 38 మందిలో 12 మంది ఆరోగ్య సిబ్బందే. రోగికి ఎంత దగ్గరగా, ఎంతసేపు ఉంటే అంత ఎక్కువగా సోకుతుంది. ఇంట్లో రోగికి సేవ చేసే మీకు కూడా ఈ మాట వర్తిస్తుంది.

అప్పట్లో మళ్ళీ రావడం అరుదు. తర్వాత పరిస్థితి మారింది. 2021 జూన్, జూలై నెలల్లో దేశమంతటా రక్త పరీక్షలు చేస్తే నూటికి 67 మందిలో కరోనాను ఎదిరించే యాంటీబాడీలు కనిపించాయి. జబ్బు వచ్చి తగ్గడం వల్ల కొందరికి, టీకా వల్ల కొందరికి అవి ఏర్పడ్డాయి. ముగ్గురిలో ఇద్దరికి రక్షణ ఉంది, ఇంక భయం లేదని చాలామంది అనుకున్నారు. కాని 2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చి ఊరూరా చుట్టింది. ఒమిక్రాన్ వల్ల మళ్ళీ సోకే అవకాశం, అంతకు ముందు వచ్చిన డెల్టా కంటే 5 రెట్లు ఎక్కువని లండన్ ఇంపీరియల్ కళాశాల శాస్త్రవేత్తలు 2021 డిసెంబరులోనే లెక్కకట్టారు.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కొవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. ముగిసింది అత్యవసర పరిస్థితి మాత్రమే, వైరస్ పోలేదు. 2025 మే, జూన్ నెలల్లో కూడా మన దేశంలో కేసులు కొంత పెరిగి తగ్గాయి.

ఎందుకు మళ్ళీ వస్తుంది?

మూడు కారణాలున్నాయి.

మొదటిది, రక్తంలోని యాంటీబాడీలు నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతాయి. ముక్కు, గొంతు లోపలి తడిపొరలో ఉండే రక్షణ ఇంకా త్వరగా తగ్గుతుంది. ఈ వైరస్ మొదట అడుగుపెట్టేది అక్కడే.

రెండోది, వైరస్ తన పైరూపం మార్చుకుంటుంది. పోయిన ఏడాది చూసిన దొంగ ఈ ఏడాది గడ్డం పెంచుకుని, తలపాగా చుట్టుకుని వస్తే కాపలావాడు వెంటనే గుర్తుపట్టలేడు. ఫ్లూ జ్వరం కూడా ఇలాగే ఏటేటా మారుతుంది. అందుకే ఫ్లూ టీకాను ఏటా మార్చి తయారుచేస్తారు.

మూడోది, సమయం. తట్టు ఒంటిలో ప్రవేశించి, రక్తంలో కలిసి, దద్దు బయటపడడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. ఆలోగా మన ఒంటిలోని జ్ఞాపక కణాలు మేల్కొని దానిని అణిచివేస్తాయి. కరోనా, ఫ్లూ వంటివి రెండు మూడు రోజుల్లోనే ముక్కులో, గొంతులో పెరిగిపోతాయి. జ్ఞాపక కణాలు మేల్కొనేసరికి పడిశం పట్టనే పడుతుంది. అయితే ఆ కణాలు ఆలస్యంగానైనా పనిచేస్తాయి. వైరస్ ఊపిరితిత్తులను పాడుచేయకుండా చాలావరకు అడ్డుకుంటాయి. రెండోసారి జబ్బు చాలామందికి తేలికగా పోవడానికి ఇదే కారణం.

రెండోసారి అందరికీ తేలికేనా?

19 దేశాల్లో జరిగిన 65 అధ్యయనాలను కలిపి చూసిన ఫలితాలు 2023లో వచ్చాయి. జబ్బు వచ్చి తగ్గిన 40 వారాల తర్వాత, ఒమిక్రాన్ మళ్ళీ సోకకుండా ఉండే రక్షణ నూటికి 36 పాళ్ళకు పడిపోయింది. కాని ఆసుపత్రి పాలయ్యేంత తీవ్రమైన జబ్బు నుంచి, మరణం నుంచి రక్షణ మాత్రం నూటికి 88 పాళ్ళు నిలిచి ఉంది. అంటే గుమ్మం దగ్గర కాపలా సన్నగిల్లింది, ఇంటి లోపలి కాపలా గట్టిగానే ఉంది.

ఇది అందరినీ కలిపి చెప్పిన లెక్క. వయసు చూస్తే తేడా తెలుస్తుంది. డెన్మార్క్ దేశంలో 2020 నాటి పరీక్షల వివరాలు చూస్తే, ఒకసారి వచ్చినవారికి మళ్ళీ రాకుండా మొత్తం మీద నూటికి 80 పాళ్ళ రక్షణ కనబడింది. 65 ఏళ్ళు పైబడినవారిలో అది 47 పాళ్ళే. ఆ లెక్క ఒమిక్రాన్ రాకముందుది.

కాబట్టి అవ్వకు, తాతకు ఒకసారి వచ్చి తగ్గిందని ధైర్యంగా ఉండకండి. షుగరు ఉన్నవారు, గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, క్యాన్సరు మందులు వాడేవారు, గర్భిణులు, ఊపిరితిత్తులు ముందే దెబ్బతిన్నవారు జాగ్రత్తగా ఉండాలి. తాడిపత్రి బండల పనిలో, రాతి క్వారీల్లో ఏళ్ళ తరబడి దుమ్ము పీల్చినవారిని, బీడీ తాగేవారిని, పొగ పొయ్యి దగ్గర వంటచేసే తల్లులను మరచిపోకండి. వారికి రెండోసారి వచ్చినా మొదటిసారి వచ్చినంత జాగ్రత్త అవసరం.

టీకా వేసుకున్నా జబ్బు రావచ్చు. కాని ప్రాణాపాయం తగ్గుతుంది. ఇప్పుడు ఎవరికి ఏ టీకా అవసరమో మీ డాక్టరుగారిని అడగండి.

ఇంట్లో ఏం చేయాలి?

మన జిల్లాలో నీళ్ళకు కరువు, ఇళ్ళు చిన్నవి. అయినా ఈ పనులు అందరూ చేయగలరు.

1. జ్వరం, దగ్గు, జలుబు ఉన్నవారు ఎవరైనా సరే, ముందు వచ్చి తగ్గినవారైనా సరే, ముసలివారికి, పసిపిల్లలకు దూరంగా ఉండాలి. సేవ చేయక తప్పకపోతే ముక్కు, నోరు రెండూ మూసేలా మాస్కు పెట్టుకోవాలి.

2. రోగి మంచం గాలి ఆడేచోట వేయండి. కిటికీ లేని లోగదిలో పడుకోబెట్టకండి. వసారాలో, పంచలో, పగలైతే వేపచెట్టు నీడలో పడుకోబెట్టినా మంచిదే. ధర్మవరం వైపు మగ్గాల ఇళ్ళల్లో ఒకే గదిలో నేత, వంట, పడక అన్నీ ఉంటాయి. జబ్బు ఉన్నన్నాళ్ళు తలుపులు తెరిచి ఉంచండి.

3. చేతులు కడగడానికి బిందెడు నీళ్ళు అక్కరలేదు. ప్లాస్టిక్ సీసా మూతకు చిన్న రంధ్రం చేసి వంచితే సన్నటి ధార వస్తుంది. అరగ్లాసు నీళ్ళు, కొంచెం సబ్బు చాలు. రోగికి అన్నం పెట్టేముందు, కఫం తుడిచిన తర్వాత తప్పనిసరిగా కడుక్కోండి.

4. బెంగళూరు నుంచి గాని, కేరళ నుంచి గాని పనిచేసి వచ్చినవారికి ఒంట్లో బాగాలేకపోతే, తగ్గేదాకా పెద్దవారి గదిలో పడుకోవద్దు. ఇది అవమానం కాదు, పెద్దవారి మీద ప్రేమ.

5. షుగరు, బి.పి. మాత్రలు ఆపకండి. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ మాత్రలు, యాంటీబయాటిక్ మాత్రలు కొనుక్కుని మింగకండి. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినవారిలో చాలామంది షుగరు అదుపులో లేనివారు, స్టెరాయిడ్లు వాడినవారు.

దగ్గు వస్తే అన్నీ కరోనాయేనా?

"మళ్ళీ అదే వచ్చింది" అని మీరు అనుకున్నది అది కాకపోవచ్చు. రెండు వారాలు దాటినా దగ్గు తగ్గకపోతే, సాయంత్రం పూట జ్వరం వస్తుంటే, బరువు తగ్గుతుంటే, కఫంలో రక్తం పడితే క్షయ పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్ష ఉచితం, మందులు ఉచితం. మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగితే దారి చూపిస్తుంది. క్షయ కూడా ఒకసారి తగ్గినవారికి తిరిగి రావచ్చు. కరోనాయే కదా, దానంతటదే పోతుందని ఇంట్లో కూర్చుంటే నెలలు గడిచిపోతాయి, ఇంట్లో పిల్లలకు అంటుకుంటుంది.

శెనక్కాయల కాలంలో కాయలు విడిపించేటప్పుడు, కట్టె వామి వేసేటప్పుడు లేచే దుమ్ముతో కొందరికి ఆయాసం తిరగబెడుతుంది. ఉబ్బసం ఉన్నవారు ఆ పనికి ముఖానికి గుడ్డ కట్టుకోవాలి. డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలరు దగ్గర ఉంచుకోవాలి.

ఈ గుర్తులు కనబడితే ఆగవద్దు

* మాట్లాడుతుంటే, నాలుగడుగులు వేస్తే ఆయాసం రావడం
* ఎదలో నొప్పి, పెదవులు నీలంగా మారడం
* మాట తడబడడం, మగతగా ఉండడం, మనుషులను గుర్తుపట్టకపోవడం
* పల్స్ ఆక్సీమీటరులో 94 కంటే తగ్గడం. 90 కంటే తగ్గితే మరీ ప్రమాదం. గోళ్ళరంగు ఉంటే తుడిచి, వేళ్ళు చల్లగా ఉంటే రుద్ది, తర్వాత చూడండి
* పసిపిల్లలైతే డొక్కలు ఎగరేయడం, పాలు తాగకపోవడం

వీటిలో ఏ ఒక్కటి కనబడినా తెల్లవారేదాకా చూద్దామని ఆగకండి. 108కి ఫోను చేయండి. "పోయినసారి ఇంట్లోనే తగ్గింది గదా" అనుకుని రెండు రోజులు ఆలస్యంగా తెచ్చినవారిని మేము వార్డులో చూశాము. ఊపిరితిత్తులు దెబ్బతిన్న తర్వాత ఆక్సిజన్ పెట్టినా కోలుకోవడం కష్టమవుతుంది.

చివరిగా ఒక మాట

మళ్ళీ వస్తుందని చెప్పాను గదా అని, తగ్గి ఇంటికి వచ్చినవారిని దూరం పెట్టకండి. 2020లో చాలా ఊళ్ళల్లో కోలుకుని వచ్చినవారిని బోరింగు దగ్గర నీళ్ళు పట్టుకోనివ్వలేదు, పలకరించలేదు. అది తప్పు. జబ్బు తగ్గి, డాక్టరు ఇంటికి పంపిన మనిషి ఊరికి ప్రమాదం కాదు. అతనిని పక్కన కూర్చోబెట్టుకోండి, కలిసి భోంచేయండి. మళ్ళీ కొత్తగా జ్వరం, దగ్గు వచ్చినప్పుడే అందరితో పాటు అతనూ జాగ్రత్త పడాలి. ఒకసారి వచ్చినవారికీ, అసలు రానివారికీ ఒకే నియమం.

రేపో ఎల్లుండో మీ మనిషి డిశ్చార్జి అవుతారు. ఆ రోజు చీటీలో రాసిన మందులు ఎప్పుడెప్పుడు వేయాలో, మళ్ళీ ఎప్పుడు చూపించుకోవాలో మా సిస్టర్ల దగ్గర అడిగి తెలుసుకోండి. చదువు వచ్చినవారు ఈ పుస్తకాన్ని ఇంటికి తీసుకెళ్ళి, రానివారికి చదివి వినిపించండి. ఇంట్లో పెద్దవారి పక్కన ఎవరు కూర్చోవాలో తేల్చుకునేటప్పుడు "వీడికి ఒకసారి వచ్చిందా?" అని అడగకండి. "ఈ రోజు వీడికి దగ్గు, జ్వరం ఉన్నాయా?" అని అడగండి.